ఏరు ఎండినప్పుడే పండగ చేయాలి

మార్చి రెండో వారం వచ్చిందంటే మా ఇంట్లో ఫోన్లకి రెండు రకాల పిలుపులు వస్తాయి. ఒకటి పోస్టరుతో వస్తుంది. మార్చి 22 ప్రపంచ నీటి దినం, ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, పొద్దున్న ఆరింటికి ఫలానా చోట హెరిటేజ్ వాక్, టోపీ, నీళ్ళ సీసా మరిచిపోవద్దు అని. రెండోది నూకాలమ్మ జాతరకి, దానికి పోస్టరు ఉండదు. "కొత్తమాసకే (కొత్త అమావాస్యకే) వస్తారా, జనం తగ్గాక ఇంకో ఆదివారం వస్తారా?" అని అనకాపల్లి నుంచి మా పిన్ని వాయిస్ మెసేజ్ పెడుతుంది, అంతే.

మొదటి పిలుపు అందుకునేవాళ్ళు రెండోదానికి వెళ్ళరు. వెళ్ళినా నూకాలమ్మకి మొక్కు చెల్లించి, భోంచేసి వచ్చేస్తారు తప్ప దాన్ని వారసత్వం ఖాతాలో రాయరు. రెండోదానికి కదిలే జనానికి మొదటిది ఒకటి జరుగుతోందన్న సంగతే తెలియదు. నెల అదే, ఏరు అదే. కానీ ఈ రెండు గుంపులూ ఒకరికొకరు ఎదురుపడవు.

ఈమధ్య మా మిత్రుల్లో ఒక వాదన నడుస్తోంది. విశాఖ చుట్టుపక్కల పారే గోస్తనీ, శారద నదుల వెంబడి ఊళ్ళ చరిత్ర మీద ఏటా ఒక పండగలాంటిది చేద్దామని. ఆలోచన నాకు బాగా నచ్చింది. పేచీ ముహూర్తం దగ్గరే వచ్చింది. అందరూ కార్తీకం అంటున్నారు. ఏటినిండా నీళ్ళుంటాయి, గట్లు పచ్చగా ఉంటాయి, ఎండ బాధ ఉండదు, ఫోటోలు బాగా వస్తాయి. నేను చైత్రం అంటున్నాను. ఫాల్గుణం చివర మొదలుపెట్టి వైశాఖం దాకా, ఏరు చిక్కిపోయి ఇసుక బయటపడ్డ రోజుల్లోనే చేయాలంటున్నాను. ఎందుకో చెప్పాలంటే కాస్త చుట్టు తిరిగి రావాలి.

ముందు మన ఊరి సంగతి. రాజమండ్రికి గోదావరి, బెజవాడకి కృష్ణ, విశాఖకి సముద్రం అని పంచేసుకున్నాం. అందుకే ఇక్కడ ఏ ఉత్సవం తలపెట్టినా వేదిక బీచ్ రోడ్డులోనే లేస్తుంది. ఈ ఊరికి ఓడలు తెచ్చిపెట్టింది మాత్రం ఒక ఏటి మొగ. నరవ గెడ్డ, మేఘాద్రిగెడ్డ నీళ్ళు దిగివచ్చి డాల్ఫిన్ నోస్ కొండ పక్కన సముద్రంలో కలిసేచోట ఒకప్పుడు ఉప్పుటేరూ, బురదనేలా ఉండేవి. ఆ బురదని తవ్వి లోతు చేసిందే ఇప్పటి ఇన్నర్ హార్బర్. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా రేవును తెరిచాడు. మొగ దగ్గర అలల తాకిడికీ, కొట్టుకొచ్చే ఇసుకకీ అడ్డుగా రెండు పాత ఓడలను తెచ్చి కావాలని ముంచేశారు. ఊరి చరిత్రలో ఇంతకన్నా మంచి కథ నాకు కనిపించదు. అయినా ఏ ఉత్సవంలోనూ ఎవరూ చెప్పగా వినలేదు. కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల హోరులో నిలబడి చెప్పాల్సిన కథ కాబట్టి కాబోలు, సౌండ్ సిస్టమ్ వాళ్ళు ఒప్పుకోరు.

రేవు పాతకథ అనుకుంటే, మన కుళాయి నీళ్ళు ఈ పూట కథ. శారద మీద రైవాడ, గోస్తనీ మీద తాటిపూడి, ఇటు మేఘాద్రిగెడ్డ. ఈ జలాశయాల నీళ్ళు కూడా నగరానికి వస్తున్నాయి. రైవాడ నీళ్ళు మా పొలాలకే వదలండి మొర్రో అని దేవరాపల్లి వైపు రైతులు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. వాళ్ళ ఏరు మన ట్యాంకులోకి ఎక్కుతోందన్న ఎరుక మనకి లేదు. నదికి పండగ చేద్దామని నగరం అనుకుంటే, అప్పున్నవాడు అప్పిచ్చినవాడి ఇంటికి పోయి అతని గొప్పతనం గురించి అతనికే ఉపన్యాసం ఇచ్చినట్టు అవుతుంది, జాగ్రత్తగా ఉండకపోతే.

గోస్తనీనే తీసుకోండి. బొర్రా గుహల దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది, తాటిపూడిలో ఆగుతుంది, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం సుమారు 120 కిలోమీటర్లు, అంతే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక పుట్టుక అల్లూరి సీతారామరాజు జిల్లాలో, నడుము విజయనగరం జిల్లాలో, మొగ విశాఖపట్నం జిల్లాలో పడ్డాయి. మన ప్రభుత్వ ఉత్సవాలన్నీ జిల్లా లెక్కన నడిచేవే. కలెక్టరు గారు అధ్యక్షులు, జిల్లా పర్యాటక శాఖ నిర్వహణ, జిల్లాలోని కళాకారులు. అలాంటి పద్ధతిలో అరకుకి ఒక ఉత్సవం చేయొచ్చు, భీమిలికి ఒక ఉత్సవం చేయొచ్చు. గోస్తనీకి చేయడం కుదరదు. ముగ్గురు కలెక్టర్ల పేర్లు ఒక ఆహ్వాన పత్రిక మీద వేయాలంటే ప్రోటోకాల్ తేలేసరికి వానలు పడిపోతాయి. కాబట్టి ఇది ఊళ్ళవాళ్ళు చేసుకోవాల్సిన పండగ. ఊళ్ళవాళ్ళ క్యాలెండరు ఎప్పుడో తయారైపోయి ఉంది, అది వసంతంలోనే ఉంది.

మన ఏరులు మంచు కరిగి పారేవి కావు. వానలొస్తే పొంగుతాయి, మాఘం దాటితే తగ్గిపోతాయి. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు ఏరు తన సంగతులన్నీ కప్పేసుకుంటుంది. చైత్రంలో చూడండి. ఇసుక ఎక్కడ ఎంత లోతున తవ్వుకుపోయారో గుంటలు చెబుతాయి. వంతెన స్తంభాల పునాదులు ఎంతమేర బయటపడ్డాయో కంటికి కనిపిస్తుంది. ఏ ఊరి మురుగు ఎక్కడ కలుస్తోందో నల్లటి చార చూపిస్తుంది. ఊటబావి తవ్వుకుని చెంబుతో నీళ్ళు తోడుకునే ఆడవాళ్ళు అప్పుడే కనబడతారు. కార్తీకంలో దీపాలు వదలడానికి వెళితే ఇవేవీ కనబడవు. కనబడకపోవడమే కొందరికి కావాలేమో, నాకు తెలిసి ఇసుక లారీల యజమానులెవరూ చైత్రంలో ఏటి పండగ చేద్దామనరు.

ఏటికి నీళ్ళు తగ్గిన ఈ నెలల్లోనే ఏటిమీద బతికే పనులు కూడా ముమ్మరంగా సాగుతాయి. అది రెండో కారణం. నావరకు అదే పెద్ద కారణం.

శారద ఒడ్డు అంటే చెరుకు. చెరుకు అంటే బెల్లం. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలో పెద్దవాటిల్లో ఒకటని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. 1913 నుంచీ అక్కడ చెరుకు పరిశోధన సాగుతోంది. సంక్రాంతి ముందు మొదలైన గానుగలు ఉగాది దాటేదాకా ఆడతాయి. ఉగాది పచ్చడిలో పడే కొత్త బెల్లం ఈ గానుగలదే. నూకాలమ్మ జాతర ఫాల్గుణ అమావాస్యతో మొదలై నెలంతా సాగడానికీ, చెరుకు డబ్బు చేతిలోకి వచ్చే కాలానికీ సంబంధం లేదని ఎవరైనా అంటే నేను నమ్మను. మొక్కులకీ, కొత్తబట్టలకీ, జాతరలో పిల్లల బొమ్మలకీ డబ్బు కావాలి కదా.

ఒకసారి నగరం నుంచి ఒక బృందం బొజ్జన్నకొండకి వెళుతుంటే నేనూ బస్సెక్కాను. శంకరం ఊరి పక్కన రెండు కొండలు. రాతిలో తొలిచిన గుహలు, బుద్ధుడి శిల్పాలు, లింగాలకొండ మీద వరసలు వరసలుగా రాతి స్తూపాలు. బాగా చూపించారు, కాదనను. కొండ దిగాక ఒక గానుగ దగ్గర పావుగంట ఆపారు. చేతికిచ్చిన కాగితంలో దాని పేరు 'గ్రామీణ అనుభవం' అని ఉంది.

పెనంలో రసం తుకతుక మరుగుతోంది. ఒకామె పొయ్యి నోట్లోకి ఎండిన పిప్పి తోస్తోంది. రసం పిండగా మిగిలిన పిప్పే ఆ రసాన్ని ఉడికించే వంటచెరుకు, బయటినుంచి పుల్లకూడా కొనక్కర్లేదు. సున్నపు తేట పోశాక మీదికి తేలిన మడ్డిని ఒక కుర్రాడు గరిటెతో తీసి పక్కన పోస్తున్నాడు. మా నిర్వాహకుడు మైకులో బొజ్జన్నకొండ తవ్వకాల్లో దొరికిన సముద్రగుప్తుడి బంగారు నాణెం గురించి చెబుతున్నాడు. అప్పుడే గానుగ పెద్దాయన ఒక చుక్క పాకం చల్లనీళ్ళ గిన్నెలో వేసి, పైకి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి ఉండ కట్టిందో లేదో చూశాడు. "పక్కకి జరగండి బావూ, దించేస్తన్నాం" అన్నాడు. మైకు హోరులో ఎవరికీ వినబడలేదు. రెండోసారి గట్టిగా కేకేశాడు. అప్పుడు జరిగాం.

పాకం అచ్చుల్లో పోయడం అయ్యాక, బెల్లం రంగు ఊరూరికీ ఎందుకు మారుతుందని ఆయన్ని అడిగాను. చెయ్యి తుడుచుకుంటూ చెప్పాడు: "ఏటికి పైన పండే సెరుకు ఒకలాగుంటాది తల్లీ, కింద రాంబిల్లి దరి సెరుకు ఇంకోలాగుంటాది. కిందనేలకి ఉప్పు తగుల్తాది కదా. ఆ బెల్లం నల్లబడిపోద్ది, వానాకాలం నిలవదు. నాలిక మీదెట్టుకుంటే తెలిసిపోద్ది."

శారద కొండల్లో పుట్టి రాంబిల్లి దగ్గర సముద్రంలో కలిసేదాకా నేల ఎలా మారుతుందో నాలుగు ముక్కల్లో చెప్పేశాడు ఆ పెద్దాయన. చేతికి మైకు ఇవ్వాల్సింది ఆయనకి. నాణెం గొప్పదే. గుప్తుల నాణెం ఇక్కడిదాకా ఎలా వచ్చిందన్న ప్రశ్నా మంచిదే. ఈ కొండల మీద భిక్షువులు స్థిరపడ్డారంటే కింద పొలాల్లో పంట పండాలి, దారిలో వర్తకులు తిరగాలి, ఆ వర్తకులు తిరగడానికి ఏటి ఒడ్డు ఉండాలి. నాణేన్నీ, చెరుకునీ కలిపే సంగతి ఆ ఏరే. ఆ రోజు పావుగంటలో ఏరు పేరు ఒక్కసారి కూడా రాలేదు.

మా ఆడపడుచు కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. ఆ మధ్య వీడియో కాల్ చేసి, "అత్తా, ఇక్కడ చేపకి జాతర చేస్తున్నారు చూడు" అంది. ల్యాంబర్ట్‌విల్ అనే చిన్న ఊరు, డెలావేర్ నది ఒడ్డున. ఏప్రిల్ నెలాఖరులో షాడ్ ఫెస్టివల్ అని చేస్తారు, 1981లో మొదలైందట. షాడ్ అంటే సముద్రంలో బతికి, గుడ్లు పెట్టడానికి వసంతంలో నదికి ఎదురీదే చేప. మన పులసకి చుట్టమే, కాకపోతే పులస గోదావరికి ఎర్రనీళ్ళ వేళ ఎక్కుతుంది. పోయిన శతాబ్దం మధ్యలో ఫిలడెల్ఫియా దగ్గర మురుగు ఎంత కలిసిందంటే ఆ మేరకు నదిలో ప్రాణవాయువు దాదాపు లేకుండా పోయింది, చేప దాన్ని దాటి పైకి రాలేకపోయింది. మురుగు శుద్ధి చేయడం మొదలెట్టాక మళ్ళీ వచ్చింది. ఆ రాకకే పండగ. అక్కడ లూయిస్ అనే కుటుంబం 1888 నుంచి అదే చోట వల లాగుతోంది. పండగనాడు జనం ముందు లాగుతారు. ఏ ఏడు ఎన్ని చేపలు పడ్డాయో వాళ్ళ దగ్గర పాత లెక్కలున్నాయి, నది ఎలా ఉందో తేల్చడానికి శాస్త్రవేత్తలు ఆ లెక్కలు తిరగేస్తారు.

అమెరికాలో చేశారు కాబట్టి మనమూ చేద్దామని ఇది చెప్పడం లేదు. అక్కడా బొమ్మల దుకాణాలు, ఐస్‌క్రీమ్ బండ్లు అన్నీ ఉన్నాయని అమ్మాయి చూపించింది. నాకు నచ్చింది ఒక్కటే. పండగ తేదీని నిర్వాహకుల సౌకర్యం కాక చేప రాక నిర్ణయించింది. పండగ మధ్యలో ఉన్నది ఒక పని, ఆ పని చేసే మనుషులు. పండగ చూసి ఇంటికెళ్ళేవాడికి ఈ ఏడు నది బాగుందా లేదా అన్నది తెలుస్తుంది.

మనకి అలాంటి తేదీ భీమిలిలో రెడీగా ఉంది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. వారసత్వ దినం నిషేధం మొదలైన మూడు రోజులకి వస్తుంది. పడవలు ఒడ్డున ఉంటాయి, మగవాళ్ళు ఊళ్ళో ఉంటారు, చెట్టునీడన వలలు బాగుచేసుకుంటుంటారు. గోస్తనీ మొగ ఏ ఏడు ఎటు జరిగిందో, ఇసుకమేట ఎప్పుడు అడ్డుపడిందో చెప్పగలిగినవాళ్ళంతా తీరికగా దొరికే రోజులవి. మన హెరిటేజ్ వాక్ మాత్రం ఏప్రిల్ 18న ఆ మనుషుల పక్కనుంచే నడిచి డచ్చివాళ్ళ సమాధుల దగ్గరికి పోతుంది.

డచ్చి సమాధుల మీద నాకేం కోపం లేదు. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ వర్తకానికి దిగినవాళ్ళు, ఎండకీ జ్వరాలకీ రాలిపోయి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. ఆ రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు చదువుతుంటే జాలేస్తుంది. భీమిలికి 1861లోనే పురపాలక సంఘం ఉందంటే ఆ రేవు ఏపాటిదో అర్థమవుతుంది. నా ప్రశ్నల్లా ఒకటే: ఓడ లంగరు వేశాక సరుకు ఒడ్డుకి చేర్చిన పడవవాళ్ళు ఎవరు? వాళ్ళ మునిమనవళ్ళు పక్కన వల కుట్టుకుంటుంటే చచ్చిపోయిన డచ్చివాళ్ళనే ఎందుకు పలకరిస్తాం?

కొండమీదా ఇదే కాలం పండగలకి. బొర్రాలో శివరాత్రికి చుట్టుపక్కల గూడేల నుంచి జనం వస్తారు. గుహపైన మేస్తున్న ఆవు కన్నంలోంచి జారి లోపల పడితే, వెతుక్కుంటూ వెళ్ళిన కాపరికి శివలింగం కనిపించిందన్న కథ అక్కడ ఇప్పటికీ చెబుతారు. చైత్రంలో గిరిజనుల ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకి పోతారు, విత్తనాలకి పూజ చేస్తారు, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టుకుని బండ్లు ఆపి పాట పాడి డబ్బులడుగుతారు. నగరం నుంచి కార్లలో అరకు వెళ్ళేవాళ్ళు అద్దం దించకుండా విసుక్కోవడం నేను చూశాను. ఆ విసుక్కున్నవాళ్ళే సాయంత్రం రిసార్టులో డబ్బిచ్చి గిరిజనుల థింసా నాట్యం ఆడించుకుంటారు. పాటపాడి డబ్బడిగితే అడ్డగింత, మనం పిలిచి ఆడిస్తే సంస్కృతి!

ఇక అభ్యంతరాలు. జాతరంటే తోపులాట, తాగుడు, బలులు, ఆడపిల్లల్ని ఎలా తీసుకెళ్తాం అంటుంది మా పక్కింటావిడ. కొంత నిజం. కొత్త అమావాస్యనాడు నూకాలమ్మ గుడి దగ్గర చరిత్ర చెబుతానంటే పూనకం వచ్చినవాళ్ళు కూడా నవ్వుతారు. అందుకే ఆ రోజు వద్దు. జాతర నెలరోజులు. మధ్యలో ఒక మామూలు బుధవారం పెట్టుకోవచ్చు. జనం ఉంటారు, ఊపిరాడే చోటూ ఉంటుంది. జాతర జనానికి పాత కట్టడాల విలువ తెలీదు, పాడుచేస్తారు అని ఇంకో మాట. దీనికి బొజ్జన్నకొండలోనే జవాబుంది. కనుమనాడు చుట్టుపక్కల ఊళ్ళ జనం ఆ కొండకి తీర్థంలా వచ్చి, బొజ్జలా ఉన్న ఒక రాతిని రాక్షసుడనుకుని రాళ్ళేసేవారు. తరాలుగా అదే అలవాటు. వారసత్వ కట్టడాల రక్షణకి పనిచేసే ఇంటాక్ సంస్థ వాళ్ళు ఊళ్ళవాళ్ళతో మాట్లాడి దాన్ని మాన్పించే పని పెట్టుకున్నారు. రాళ్ళు వద్దన్నారు తప్ప కనుమకి రావద్దనలేదు. నాకు అక్కడ నచ్చింది అది. ఏటా తనంతట తాను వచ్చే జనం ఉన్న వారసత్వ స్థలం ఎంతమందికి దొరుకుతుంది?

నిజంగా గట్టి అభ్యంతరం వేరే ఉంది, దాన్ని మా మరిది ఎత్తాడు. "నువ్వు చెప్పినట్టు నగరం జనం జాతరకి పోతే నాలుగేళ్ళలో అదీ ఈవెంటైపోద్ది వదినా. వీఐపీ పాసులు, స్పాన్సరు బ్యానర్లు." కాదనలేను. ఏటికొప్పాక చూడండి. వరాహ నది ఒడ్డున ఊరు. అంకుడు కర్రని తరిణె మీద తిప్పి చెక్కి లక్కరంగులు ఎక్కించే బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, గింజల నుంచీ ఆకుల నుంచీ రంగులు తీసే పద్ధతి మీద పనిచేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మ ఎయిర్‌పోర్టులో కూడా అమ్ముతున్నారు. అంకుడు చెట్టు పెరిగే అడవి గురించి మాత్రం ఎవరూ అడగరు. పేరొచ్చినంత మాత్రాన కర్ర దొరకదు. మా మరిది భయం అలాంటిదే, నాకూ ఉంది. దానికి నా దగ్గరున్న మందు ఒక్కటే: వేదిక కట్టకపోవడం. వేదిక ఉంటే దాని మీద కుర్చీలు వస్తాయి, కుర్చీలొస్తే వాటిలో ఎవరు కూర్చోవాలన్న గొడవ వస్తుంది, తర్వాత శాలువాలు వస్తాయి. గానుగ దగ్గర, వలల దగ్గర, తరిణె దగ్గర పాతిక ముప్ఫైమంది నిలబడి వింటే చాలు. మైకు అక్కర్లేదు.

ఇంకా రెండు విషయాలు ముందే తేల్చుకోవాలని మా గ్రూపులో రాశాను. మొదటిది, ఏటా అదే వారం, అవే చోట్ల ఏటిని ఫోటో తీయాలి. అనకాపల్లి వంతెన కింద, రైవాడ దిగువన, తాటిపూడి దగ్గర, భీమిలి మొగలో. ఊరి బళ్ళో పదో తరగతి పిల్లలకి ఆ పని అప్పజెబితే పుస్తకంలో అంటించి బళ్ళోనే ఉంచుతారు. పదేళ్ళకి ఏ శాఖ దగ్గరా లేని దస్తావేజు అవుతుంది అది. ఇసుక తవ్వలేదని ఎవరైనా అంటే ఆ పుస్తకం తెరిచి చూపించవచ్చు.

రెండోది డబ్బు సంగతి. పెనం పొయ్యి మీద ఉండగా మనుషులు చుట్టూ మూగితే పని ఆగుతుంది. పాకం ఒక నిమిషం అటూ ఇటూ అయితే ఆ వాయి బెల్లం రంగు పోయి మార్కెట్లో ధర పడిపోతుంది. తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు వేసేవాళ్ళే తగ్గారు, ఉన్న గానుగలవాళ్ళ మీద మన ముచ్చట భారం కూడా పడకూడదు. కాబట్టి వచ్చేవాళ్ళ దగ్గర టికెట్ పెట్టి, ఒక వాయి బెల్లం ఖరీదు గానుగాయనకి ముందురోజే చేతిలో పెట్టాలి, చెడినా చెడకపోయినా. వేట లేని రోజుల్లో మాట్లాడడానికి వచ్చే మత్స్యకారులకి ఆ పూట కూలి కట్టివ్వాలి. హోటల్లో బఫేకి తలకి ఎంతవుతుందో మా వాళ్ళు అప్పుడే కొటేషన్ తెప్పించారు. ఈ రెండు లెక్కలూ అందులోంచి తీయొచ్చని రాశాను. ఇంకా ఎవరూ జవాబివ్వలేదు, ఇద్దరు మాత్రం బొటనవేలు గుర్తు పెట్టారు.